మొదటిసారి పూడ్చినామె

ఆమెకు చివరి స్నానం చేయించి కొత్త చీర కట్టేటప్పుడు, పైట ఏ భుజం మీదికి వేయాలన్న దాని మీద ఆడవాళ్లు తగువు పడ్డారట. ఈ సంగతి నాకు చెప్పింది లచ్చవ్వ. కరీంనగర్‌లో మేం అద్దెకున్న ఇంటివాళ్ల దగ్గర గిన్నెలు తోమేది. కూతురిని ఆదిలాబాద్‌లో ఇచ్చింది కాబట్టి అప్పుడప్పుడు ఇటు వస్తుంది, వస్తే మా ఇంటికి రాకుండా పోదు. నిన్న మధ్యాహ్నం వచ్చి గడపలోనే కూలబడి, ఇచ్చిన నీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"పటేలమ్మ పోయింది బిడ్డా. మొన్న అమాసకు."

"ఏమైంది లచ్చవ్వా?"

"ఏం కాలే. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నది, కూసున్నది కూసున్నట్టే పోయింది. గది కాదు, తానం పోసినంక లొల్లి చూడాలె నువ్వు. ఆమె ఆడబిడ్డ, కొంగు ఎడమ దిక్కు వెయ్యాలె అంటది. మన ఇంటి తీరు గదే, పోయేటప్పుడన్న సక్కగ పోనియ్యుండ్రి అంటది. నేను కుడి దిక్కన్న. ఇన్నేండ్లు కుడి దిక్కే ఏసుకున్నది, ఎందుకేసుకున్నదో వాడకు మొత్తం తెలుసన్న. నా మాట ఎవరింటరు?"

"మరి ఎటు వేశారు?"

"ఎడమ దిక్కే." లచ్చవ్వ నీళ్ల చెంబు చేతిలోకి తీసుకుని మళ్లీ కింద పెట్టింది. "పీనుగ లేచినంక యాదికొచ్చింది నాకు. ఆమె లెక్కల సుత చచ్చినోళ్లకు ఎడమ దిక్కే కరెక్టు గదా! ఆడబిడ్డ తెల్వక చేసింది గని, సరిగ్గ చేసింది. గా మాట తట్టంగనే నా ఒళ్లు జల్లుమన్నది."

పిల్లలిద్దరూ పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఇప్పటికి రెండుసార్లు లేచి వెళ్లి వాళ్ల ముక్కుల దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. నాకిది అలవాటు. పెద్దది పుట్టినప్పటి నుంచీ ఉంది. పటేలమ్మ ఇంట్లో అద్దెకు ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా ఉండేది.

మా ఆయన ఉద్యోగం అప్పటికే ఆదిలాబాద్‌లో. పాప విషయంలో డాక్టర్ల దగ్గరికి తరచుగా వెళ్లాల్సి వచ్చేది కాబట్టి నేను కరీంనగర్‌లో అద్దెకు ఉండిపోయాను. ఆయన శనివారం రాత్రి బస్సుకు వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్లిపోయేవారు. పాపకు ఏడాదిన్నర వచ్చింది, నిలబడడం లేదు. చంకల కింద చేతులు పెట్టి లేపితే కాళ్లు గుడ్డ పీలికల్లా వేలాడేవి. డాక్టరు మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టి చూసి, నరాలు బాగానే ఉన్నాయి, కొందరు పిల్లలు ఆలస్యంగా నడుస్తారు అన్నాడు. ఆయన అన్న 'కొందరు' అనే మాట నా చెవిలో రోజంతా తిరిగేది.

అద్దె ఇల్లు చూడడానికి వెళ్లిన రోజు పటేలమ్మను మొదటిసారి చూశాను. వసారాలో చెక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎత్తైన మనిషి. మెడలో బరువైన పుస్తెలతాడు, చేతులకు పాతకాలం గాజులు. పెద్ద భూస్వాముల ఇంటి కోడలని చూడగానే తెలిసిపోతుంది. కానీ పైట కుడి భుజం మీద ఉంది. నేనూ ఈ ప్రాంతంలోనే, హుజూరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఎవరు ఏ భుజం మీద పైట వేస్తారో చూసి, ఏ కులమో ఏ ఇంటివాళ్లో చెప్పగలిగే ముసలమ్మలు మా ఇంట్లోనూ ఉండేవాళ్లు. అలాంటి ఇళ్ల ఆడవాళ్లు కుడి పైట వేయరు. ఏదో పని చేస్తూ కొంగు అటు దోపుకుందేమో అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే ఉంది. ఆ పై రోజు కూడా.

"పెద్దమ్మా అని పిలువు. పటేలమ్మా అని పిలిస్తే నాకు లచ్చవ్వ పిలిచినట్టే ఉంటది," అంది.

పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడి తల ఒక పక్కకు వంచి, చెవి మీద అరచేత్తో తట్టుకునేది, ఈత కొట్టి వచ్చిన పిల్లలు నీళ్లు పోవడానికి తట్టుకున్నట్టు. వెల్లకిలా పడుకునేది కాదు. మధ్యాహ్నం కునుకు కూడా కుర్చీలోనే తీసేది, రాత్రి పక్కకు తిరిగి, గోడకు వీపు ఆనించుకుని పడుకునేదట. చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉండేవి. జ్వరం వెచ్చదనం కాదు. పొయ్యి మీంచి అప్పుడే దించిన ఇత్తడి గిన్నెను గుడ్డతో పట్టుకుంటే, ఆ గుడ్డలోంచి తగిలే వేడిలా. ఎండాకాలంలో మేమంతా చెమటలు కక్కుతూ తడి తువ్వాళ్లు కప్పుకుని తిరుగుతుంటే, ఆమె ముఖం మీద ఒక్క చుక్క ఉండేది కాదు.

పాప ఆ చేతుల్లో వెంటనే నిద్రపోయేది. నా దగ్గర గంటసేపు ఏడ్చే పిల్ల, ఆమె వీపు మీద చెయ్యి వేయగానే కళ్లు మూసేది. చూడడానికి హాయిగా ఉండేది. భయంగానూ ఉండేది.

ఇంకొక అలవాటు. పాపకు అప్పట్లో జుబ్బాలు వేసేదాన్ని, ముందు వైపు తాళ్లతో కట్టేవి. చెయ్యి అలవాటు కొద్దీ కుడి అంచు పైకి తెచ్చి కట్టేదాన్ని. ఆమె పాపను తీసుకోగానే మొదట ఆ ముడి విప్పి, ఎడమ అంచు పైకి తెచ్చి మళ్లీ కట్టేది. ఒక్కసారీ మరిచిపోలేదు. తీగ మీద ఆరేసిన నా జాకెట్లను కూడా చేత్తో తడిమి, హుక్కుల వైపు చూసి, "ఆడోళ్ల అంగీలన్ని గిట్లనే కుడతరు. టైలర్లకేం తెల్సు," అనేది.

"ఎందుకు పెద్దమ్మా?" అని ఒక మధ్యాహ్నం అడిగాను.

ఆమె ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు కుర్చీ నా వైపు జరుపుకుంది. లచ్చవ్వ పక్కనే చింతపండులో గింజలు తీస్తోంది. "ఇగ షురు చేసింది," అంది తల ఎత్తకుండానే.

వాళ్లాయనకు ఊరి గుట్టల్లో గ్రానైట్ క్వారీ ఉండేది. ఆ రాయి కొనేవాళ్లు జపాన్ నుంచి వచ్చేవారు. ఒకసారి వాళ్లే పిలిస్తే ఈయన బయల్దేరాడు, ఈమె కూడా వస్తానని పట్టుబట్టింది.

"రెండు దినాలు ఆఫీసులు, కాగితాలు, వంగి వంగి దండాలు. పని ఒడిసినంక, అమ్మను జర సముద్రం ఒడ్డుకు తీస్కపోండ్రి, దక్షిణం దిక్కు వేడినీళ్ల ఊరున్నదని చెప్పి రైలెక్కిచ్చిండ్రు. బెప్పు. గా ఊరి పేరు."

తర్వాత నేను అట్లాసు తీసి చూశాను. జపాన్‌కు దక్షిణాన ఉన్న పెద్ద దీవిలో, తూర్పు తీరం మీద, చెయ్యి వంచినట్టున్న ఒక అఖాతం లోపల ఉంది. చిన్న చుక్క.

"ఊరంత పొగలు బిడ్డా. మోర్లకెళ్లి పొగ, రోడ్డు సందులకెళ్లి పొగ, ఇండ్ల ఎనకకెళ్లి పొగ. ఎవరు పొయ్యి పెట్టలే, ఏది కాలుతలేదు. ఒక దిక్కు గుట్టలు, ఒక దిక్కు సముద్రం, నడుమ ఊరు ఉడుకుతున్నది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొగోళ్లు, ఆడోళ్లు పొడుగు అంగీలేసుకొని కట్టె చెప్పులు టకటకమనుకుంట బజార్ల తిరుగుతున్నరు. నరకాలని పేరు పెట్టిన గుంటలున్నయ్. ఒకదాంట్ల నీళ్లు నెత్తురు లెక్క ఎర్రగ, ఒకదాంట్ల నీలంగ, సలసల మసులుతున్నయ్. చూడనీకి టికెట్."

"నరకానికి టికెట్టా?" లచ్చవ్వ తల ఎత్తింది. "మనకైతె ఫుకట్ల దొరుకుతది."

"దొరుకుతది, నీకు ముందుగాల దొరుకుతది," అని ఆమె నవ్వి మళ్లీ నా వైపు తిరిగింది. "గుట్ట మీద గోరీలు. అన్ని సముద్రం దిక్కు ముఖం పెట్టి నిలబడ్డయ్. మీ పెదబాపు ఒక రాయిని చేత్తోని రుద్ది, గిది మనదేనే, మన గుట్టదే అన్నడు. సంబురపడ్డడు. నేను ముట్టుకొని చూసిన. మా ఊరి గుట్టే. నేను కాపురానికి వచ్చిన దినం బండ్ల నుంచి చూసిన గుట్ట, గంత దూరం పోయి, ఎవరి మీదనో నిలబడ్డది."

ఆ తర్వాత సముద్రం ఒడ్డు. అక్కడి ఇసుక నల్లగా ఉంటుందట, అడుగు నుంచి ఉడుకు పైకి వస్తుందట. ఒడ్డు మీద గుంట తవ్వి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మెడదాకా ఆ ఇసుక కప్పుతారట. ముఖానికి ఎండ తగలకుండా తల దగ్గర గొడుగు గుచ్చుతారట.

"వరుసగ గొడుగులు, గొడుగుల కింద తలకాయలు. ఒళ్లు లేవు. కండ్లు మూసుకొని ఉన్నయ్. ఒక ముసలామెను ఇద్దరు రెక్కలు పట్టుకొని తెచ్చిండ్రు, కాళ్లు రావు. ఉస్కెలకెళ్లి లేచినంక తనంత తానే నడుచుకుంట పోయింది. నా కండ్లతోని చూసిన."

ఆ మాట దగ్గర పాప కాళ్ల వైపు చూసింది. నేను పాపను ఒళ్లోకి లాక్కున్నాను.

"నాకు ఒక అంగీ ఇచ్చి గదిల మార్చుకొమ్మన్నరు. ముంగట తెరిచి ఉంటది, గుండీలుండయ్, నడుముకు పట్టీ. కుడి అంచు లాగి ఎడమ మీదికి కప్పుకున్న. చిన్నప్పటి సంది కొంగు అటే గదా పోయేది, చెయ్యి సుత అటే పోయింది. పోయి పండుకున్న. పూడ్చిండ్రు. మంచిగనే ఉండె బిడ్డా. బరువు, ఉడుకు. వీపు కింద నా గుండె నాకే వినవడ్తున్నది. గప్పుడు పార పట్టుకున్న ముసలామె నా మెడకాడికి వంగి చూసింది. చూసి కెవ్వుమన్నది."

ఆ ముసలామె చేతులతోనే ఇసుక తోడి, ఈమెను లేపి కూర్చోబెట్టి, అందరి ముందే అంగీ విప్పి, ఎడమ అంచు పైకి తెచ్చి కట్టిందట. ఏదో గొణుక్కుంటూ వీపు మీద తట్టి, మళ్లీ పడుకోబెట్టి, మళ్లీ పూడ్చిందట. వాళ్ల వెంట వచ్చిన దుబాసీ ఈమె భర్తకు చెప్పాడు. కుడి అంచు పైకి రావడం శవానికి కట్టే పద్ధతి. బతికున్నవాళ్లు ఎప్పుడూ అలా కట్టుకోరు. తిరిగొచ్చిన దగ్గర్నుంచే ఆమె పైట కుడి భుజానికి మారింది.

"అంటే నన్ను రెండుసార్లు పూడ్చిండ్రు. ఒకసారి పీనుగ లెక్క, ఒకసారి మనిషి లెక్క. రెండోసారి పూడ్చినామె లేచింది, చీర కట్టుకున్నది, విమానమెక్కి కరీంనగర్ వచ్చింది." ఆమె నా ముఖంలోకి చూసింది. "మొదటిసారి పూడ్చినామె?"

"ఆమెనూ తోడారు కదా పెద్దమ్మా. ఇద్దరూ మీరే కదా."

"ఒళ్లు తోడిండ్రు. రెండోసారి పండుకున్నప్పుడు నా కింద ఇంకో గుండె కొట్టుకున్నది బిడ్డా. నాది ఒకసారి, గా గుండె ఒకసారి. నేను లేచిన. కింద కొట్టుకునేది ఆగలే."

లచ్చవ్వ చింతపండు చేతులు దులుపుకుంది.

"ఏం పీనుగవో తల్లీ. పొద్దుగాల రొట్టెలు, పగటికి బువ్వ, మాపటికి మళ్ల బువ్వ. పీనుగలు గింతగనం తింటే ఊర్లె వడ్లు మిగుల్తయా?"

ఆమె విరగబడి నవ్వింది. కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. లేచి లోపలికి వెళ్లి, లచ్చవ్వకు ఒక కొత్త జాకెట్టు గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రమంతా హుషారుగా ఉంది, వాకిట్లో మొక్కలకు తనే నీళ్లు పోసింది.

తర్వాత చాలాసార్లు చూశాను. కొత్తగా ఎవరు వచ్చినా, గ్యాస్ బండ తెచ్చినవాడికి కూడా, ఈ కథ చెప్పేది. చెప్పి, ఎదుటివాళ్ల ముఖం చూసేది. తాను పూర్తిగా తిరిగొచ్చిందా, సగం అక్కడే ఉండిపోయిందా, ఆమెకు కావలసింది ఆ ఒక్క సంగతి. అది తనకు తానుగా తేల్చుకోలేక, వచ్చిన ప్రతి మనిషి ముఖంలో వెతుక్కునేది.

ఆమె భర్తను ఒక ఆదివారం ఈ సంగతి అడిగాను. ఆయన క్వారీ నుంచి వచ్చి, బూడిద రంగు దుమ్ముతో ఉన్న చెప్పులు మెట్ల మీద దులుపుకుంటున్నాడు.

"ముసలామె బట్ట సక్కగ కట్టింది, గంతే బిడ్డా. గీమె దినాం గదే పాట. కొంగు మార్చిందని మా అక్క నాతోని మాట్లాడుడు బంద్ చేసింది. పెండ్లిళ్లకు పోతే నా ఇజ్జత్ తీస్తున్నది," అని నవ్వాడు. మెట్టెక్కబోయి ఆగాడు. "గని జపాన్ పోకముందు గీమెకు పిల్లలంటే పడకపోయేది. ఎత్తుకోకపోయేది ఎవరిని. మా కొడుకులను సుత మా అమ్మనే సాదింది. వచ్చినంకనే గీ చేతులు వెచ్చవడ్డయి."

ఆ మాట నాకెందుకు చెప్పాడో తెలియదు. ఆయన చెప్పి వెళ్లి స్నానం చేసి అన్నం తిన్నాడు. నేను లోపలికి వెళ్లి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఒకరోజు పాప పిడికిలి విప్పి కడుగుతుంటే, వేళ్ల మధ్య నల్లటి రేణువులు కనిపించాయి. మా మానేరు ఏటి ఇసుక పచ్చగా ఉంటుంది. ఇది నల్లగా, సన్నగా ఉంది. పెద్దాయన క్వారీ చెప్పుల దుమ్మే అయి ఉంటుంది. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. కానీ ఆ నీళ్లను మోరీలో పోయకుండా, బయటికి తీసుకెళ్లి గేటు అవతల పారబోశాను.

ఆ తర్వాత ఆమె పాప కాళ్ల గురించి నేరుగా అడగడం మొదలుపెట్టింది.

"ఒక్కసారి ఉస్కెల పండబెడదాం బిడ్డా. మన ఎండకు ఉస్కె మంచిగ కాగుతది. నడుముదాకనే."

"వద్దు పెద్దమ్మా. డాక్టరు నడుస్తదన్నడు."

"డాక్టరు చూసిండా? నేను చూసిన."

"వద్దన్న గద పెద్దమ్మా!"

ఆమె మళ్లీ అడగలేదు. నేను తలుపుకు లోపలి నుంచి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టాను. పాపను ఆమెకు ఇవ్వడం తగ్గించాను. ఇవ్వకపోతే పాప ఏడుస్తుంది, ఇస్తే నేను పక్కనే నిలబడతాను. ఆమె గమనించింది. గమనించినట్టు కనిపించనివ్వలేదు.

ఆ ఎండాకాలంలో వాళ్లు మేడ మీద గదులు వేయించడం మొదలుపెట్టారు. వాకిట్లో లారీ ఇసుక పోయించారు. పని ఏదో కారణంతో ఆగిపోయింది, ఇసుక కుప్ప మాత్రం ఎండలో అలాగే ఉంది.

ఒక మధ్యాహ్నం నేను ఒక స్కూల్లో టీచరు పని గురించి మాట్లాడడానికి వెళ్లాల్సి వచ్చింది. పాపను లచ్చవ్వకు అప్పజెప్పి, "నా గదిలనే ఉండు, బయటికి తేకు," అని చెప్పాను. స్కూల్లో నన్ను చాలాసేపు కూర్చోబెట్టారు. ఆటో దొరకలేదు. ఎండలో నడుచుకుంటూ వచ్చి గేటు తీశాను.

ఇసుక కుప్ప పక్కన నల్ల గొడుగు గుచ్చి ఉంది. గొడుగు నీడలో మా పాప తల ఉంది. తల మాత్రమే. కళ్లు మూసుకుని ఉన్నాయి. మెడ చుట్టూ ఇసుక చేత్తో చదును చేసి ఉంది. ఆమె పక్కన గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ ఇసుక మీద ఆనించి, తల వంచి ఏదో వింటున్నట్టు ఉంది.

నేను అరిచానో లేదో తెలియదు. చేతులతో తోడాను. ఇసుక కాలుతోంది. పాప బయటికి రాగానే కళ్లు తెరిచి, నన్ను చూసి, ఎండకు మళ్లీ మూసుకుంది. ఒళ్లంతా ఎర్రగా, వేడిగా, కానీ ఏడవడం లేదు. పాపకు ఆమె చుట్టిన పలచని పంచెగుడ్డ ఇసుకతో పాటు జారిపోయింది.

"చంపుతవా నా బిడ్డను? ఇచ్చింది లచ్చవ్వకు, నీకెందుకియ్యాలె?"

"లచ్చవ్వ మనుమనికి విరేచనాలైతున్నయని కబురొస్తే ఇంటికి పోయింది. నాకే ఇచ్చి పోయింది," అంది మెల్లగా. "ఉడుకు చూసే పెట్టిన బిడ్డా. నా మోచెయ్యి పెట్టి చూసిన. ఒక్కసారే పూడ్చిన. సక్కగనే చుట్టిన."

నేను వినలేదు. తీగ మీది తువ్వాలు లాగి పాపకు చుట్టి పరుగెత్తాను. వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. అంత గట్టిగా ఆమె మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు.

"గట్ల కాదు! గట్ల చుట్టకు! మార్చు బిడ్డా, మార్చి చుట్టు!"

లోపలికి వెళ్లి గడియ పెట్టాను. నా చెయ్యి కుడి అంచును పైకి తెచ్చి చుట్టింది, ఎప్పటిలాగే. ఆమె తలుపు కొట్టడం మొదలుపెట్టింది.

"ఒక్కసారి మార్చు. నీ కాళ్లు మొక్కుత. ఉస్కెల నుంచి తీసినంక గట్ల చుట్టొద్దు. పిల్ల ఆడ్నే ఉండిపోతది. నా లెక్క ఉండిపోతది."

నేను మంచం మీద కూర్చున్నాను. పాపను గుండెకు హత్తుకున్నాను. పాప ఊపిరి నాకు తెలుస్తోంది. నేను బీఎస్సీ చదివాను. గుండె ఎలా కొట్టుకుంటుందో, ఎన్ని గదులుంటాయో, రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో బొమ్మ గీసి రాయగలను. తలుపు మీద ఆమె చెయ్యి ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడుతోంది. పాప కళ్లు తెరిచి నా ముఖంలోకి కాకుండా, నా భుజం పక్క నుంచి కిందికి, గచ్చు వైపు చూస్తోంది. పేరు పెట్టి పిలిచాను. చూపు తిప్పలేదు. మళ్లీ పిలిచాను.

తువ్వాలు విప్పాను. ఎడమ అంచు పైకి తెచ్చి చుట్టాను.

కొసను లోపలికి దోపి చెయ్యి తీసేసరికి తలుపు మీద చప్పుడు ఆగింది. కిటికీ రెక్కలు ఎండకు మూసే ఉన్నాయి. తలుపులో చూడడానికి సందు కూడా లేదు. చాలాసేపటికి పాప నీళ్ల కోసం ఏడ్చింది. మామూలు ఏడుపు. తలుపు తీసి చూస్తే ఆమె వాకిట్లో, తాను తవ్విన గుంటలోకి చేతులతో ఇసుక తోస్తోంది. నన్ను చూసి, "నీళ్లు తాపు పిల్లకు. ఎండ దెబ్బ ఉంటది," అని మళ్లీ పనిలో పడింది.

శనివారం మా ఆయన వచ్చినప్పుడు, ఇక్కడ ఉండలేను, ఆదిలాబాద్‌కు తీసుకెళ్లండి అన్నాను. ఎండ, నీళ్ల ఇబ్బంది అని కారణాలు చెప్పాను. పాప ఆ చలికాలంలో ఇక్కడే, ఆదిలాబాద్‌లోనే, మంచం కోడు పట్టుకుని నిలబడింది, సంక్రాంతి సెలవులు అయ్యేలోగా నడిచింది. డాక్టరు చెప్పినట్టే ఆలస్యంగా నడిచింది. లచ్చవ్వ మాత్రం ఇప్పటికీ పాప స్కూలు నుంచి పరుగెత్తుకుంటూ వస్తే, "పటేలమ్మ ఉస్కె," అంటుంది. నేను కాదనను, ఔననను.

సామాను లారీలోకి ఎక్కించిన రోజు ఆమె వసారాలో కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆ మధ్యాహ్నం తర్వాత మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. మా ఆయన లారీవాడితో తాళ్ల గురించి మాట్లాడుతున్నాడు. చెప్పకుండా పోవడం బాగుండదని పాపను ఎత్తుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"పోయొస్త పెద్దమ్మా."

"పోయి రా. ఆదిలాబాద్‌ల చలి ఎక్కువ. పిల్లకు చెవులు కప్పు." కుర్చీ నా వైపు జరుపుకుంది. "ఒక్కటడుగుత. నిజం చెప్పాలె. గా దినం తలుపు పెట్టుకున్నంక, లోపట మార్చి చుట్టినవా?"

చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆ ముసలి మనిషి మాటను వాడంతా నవ్వులాట చేస్తుంది, ఇంటివాళ్లు చెవిన పెట్టరు. పోయేముందు నేనివ్వగలిగింది ఇదొక్కటే అనిపించింది. పైగా అది నిజం.

"మార్చిన పెద్దమ్మా."

ఆమె ముఖం వెలుగుతుందని ఎదురుచూశాను. నోరు కొద్దిగా తెరుచుకుంది. కుర్చీ చేతుల మీద వేళ్లు బిగుసుకున్నాయి.

"మార్చినవా?"

"మార్చిన. మీరు కొట్టుడు ఆపక ముందే."

"నువ్వు సదువుకున్నదానివి గదా బిడ్డా."

నాకు అర్థం కాలేదు. "మీరు చెప్పినట్టే చేసిన గద పెద్దమ్మా."

"చెప్తే చేస్తరా?" అంది. "లచ్చవ్వ నవ్వుతది. మీ పెదబాపు నవ్వుతడు. నా కొడుకులు పిచ్చి లేసింది ముసల్దానికి అంటరు. అననీ. అందరు ఉట్టిదే అంటుంటే, ఉట్టిదేనేమో, గా ముసలామె బట్టనే సక్కగ కట్టిందేమో, అని ఇన్నొద్దులు బతికిన. ఎంత కొట్టిన నువ్వు తలుపు తియ్యకపోతే నాకు నిమ్మళమైంది. సదువుకున్న పిల్ల, గీమె మార్చదు, లోపట కూసొని నన్ను తిడుతది అనుకున్న. చెయ్యి నొచ్చి పోయి ఉస్కె పూడ్చుకున్న." ఆమె నా కళ్లలోకి చూసింది. "నువ్వు మార్చినవంటే, ఉన్నట్టే గదా, మొదటిసారి పూడ్చినామె. ఆడ ఉన్నట్టే గదా."

"గట్ల కాదు పెద్దమ్మా, నేను భయానికి..."

"భయానికే. ఏం లేకపోతే భయమెందుకైతది నీకు?"

మా ఆయన బయటి నుంచి పిలిచాడు. పాప నా చంకలోంచి ముందుకు వంగి, ఎప్పటిలాగే ఆమె వైపు రెండు చేతులూ చాచింది. ఆమె తన చేతులు రెండూ వెనక్కి తీసుకుని చీర కింద దాచుకుంది.

"వద్దు బిడ్డా. నువ్వే ఎత్తుకో. నేనెవరో నాకే తెల్వది, నీ బిడ్డనెట్ల ముట్టుకోవాలె?"

లచ్చవ్వ ఆ రోజు పనిలోకి రాలేదు. వచ్చి ఉంటే ఏదో ఒకటి అని ఆమెను నవ్వించేది. ఆమె ఇంకా నా ముఖంలోకే చూస్తోంది, ఏదో ఒక మాట కోసం. అదంతా ఉట్టిదేనని నేను నవ్వాలని చూశాను. నిజంగా చూశాను. పాప చేతులు ఆమె వైపు చాచే ఉంచింది. నాకు నవ్వు రాలేదు.